తేలు కుట్టిన దొంగ కంప్లయింట్ ఇవ్వడు సార్: ఒక సెల్‌ఫోన్ మెకానిక్ బహిరంగ లేఖ

సైబర్ నేరాలు చూసే అధికారులకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు, నాలాగే సెల్‌ఫోన్ షాపు పెట్టుకుని బతికే అన్నదమ్ములకు,

నమస్కారం.

నాది హన్మకొండలో చిన్న రిపేర్ షాపు. పదకొండేళ్లుగా డిస్‌ప్లేలు, బ్యాటరీలు, చార్జింగ్ పిన్నులు మారుస్తున్నాను. పెద్ద చదువు లేదు, ఐటీఐ దాకానే. ఇతరుల అకౌంట్లు దొంగచాటుగా చూపిస్తామని జనాన్ని ముంచే యాప్‌ల మీద పోయిన వేసవిలో ఒక దరఖాస్తు రాసి ఒక ఆఫీసులో ఇచ్చాను, ముద్ర వేసి నకలు చేతిలో పెట్టారు. దసరా ముందు ఇంకోటి ఇచ్చాను, దానికీ ముద్ర పడింది. ముద్రలు రెండూ చక్కగా పడ్డాయి, జవాబే రాలేదు. రెండోసారి పోయినప్పుడు టేబుల్ దగ్గరున్న ఆయన "నీ పైసలేమన్నా పోయినయా?" అని అడిగాడు. పోలేదన్నాను. "మరి నీకెందుకయ్యా?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన ముందు అప్పటికే పదిహేను మంది పైసలు పోయినవాళ్లు కూర్చుని ఉన్నారు. కానీ నాకెందుకో చెప్పుకునే చోటు ఇంకోటి దొరకలేదు కాబట్టి ఇలా అందరి ముందు రాస్తున్నాను.

సంగతి ఇది. "ఎవరి ఇన్‌స్టాగ్రామ్ అయినా వాళ్లకు తెలియకుండా చూడండి", "నంబర్ కొట్టండి, వాట్సాప్ చాటింగ్ అంతా మీ ముందు" అని రీల్స్ మధ్యలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే యాప్‌లు, సైట్లు ఉన్నాయి కదా, వాటి చేతిలో పడి ఫోన్ పట్టుకుని నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు. అందులో స్టేషన్ దాకా పోయినవాణ్ని ఇంతవరకు ఒక్కణ్నే చూశాను. మిగతావాళ్లు ఏమని పోతారు? "సార్, ఒకమ్మాయి అకౌంట్లోకి దొంగతనంగా దూరుదామని పోతే నా అకౌంటే పోయింది" అని రాసివ్వాలా? తేలు కుట్టిన దొంగ గతి వాళ్లది. కరెంటు బిల్లు మోసమో, కొరియర్ మోసమో అయితే పోగొట్టుకున్నవాడు ఊరంతా చెప్పుకుంటాడు, విన్న పదిమంది జాగ్రత్త పడతారు. ఇందులో పోయినవాడు పక్కన పడుకునే రూమ్మేట్‌కు కూడా చెప్పడు, ఆ రూమ్మేట్ మర్నాడు అదే లింకు నొక్కుతాడు. ఈ యాప్‌లు నడిపేవాళ్ల గిరాకీ అంతా ఈ సిగ్గు మీదే నడుస్తోంది సార్, నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ముందు ఒకటి తేల్చాలి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది పోగొట్టుకున్నాక కూడా "ఇది ఫేక్ అన్నా, ఒరిజినల్ యాప్ వేరే ఉంటదట" అంటారు. ఒరిజినల్ లేదు. నేనే పరీక్షించి చూశాను. సిమ్ లేని పాత ఫోన్ ఒకటి షాపులో పడి ఉంటుంది, దాంట్లో అలాంటి సైటు ఒకటి తెరిచాను. ఎవరి అకౌంట్ చూడాలో పేరు కొట్టమంది. కళ్లు మూసుకుని కీబోర్డు మీద వేళ్లు ఆడించాను, పదిహేను అక్షరాల చెత్త వచ్చింది, అలాంటి పేరుతో అకౌంట్ ఏదీ లేదని ఇన్‌స్టాలో వెతికి మరీ చూసుకున్నాను. ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా పాకడం మొదలైంది. సర్వర్‌కు కలుపుతున్నాం అంది, పాస్‌వర్డ్ దాటుతున్నాం అంది, 73 శాతం దగ్గర కాసేపు ఆగింది కూడా, నిజంగా కష్టపడుతున్నట్టు. చివరికి "అభినందనలు, 47 దాచిన ఫొటోలు, 12 డిలీట్ చేసిన మెసేజ్‌లు దొరికాయి" అని తొమ్మిది మసక గడులు చూపించింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని మనిషికి 47 ఫొటోలు! తర్వాత మా షాపులో పనిచేసే పిల్లవాడి ఐడీ కొట్టాను. అవే తొమ్మిది గడులు, అదే వరసలో. వాడు ఒక్క ఫొటో కూడా పెట్టలేదు ఇన్‌స్టాలో.

ఆ మసక తీయాలంటే మూడింటిలో ఒకటి చేయమంది. 299 రూపాయలు కట్టాలి, లేదా ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్) ఇన్‌స్టాల్ చేయాలి, లేదా "మీరు మనిషేనని నిరూపించుకోవడానికి" మన ఇన్‌స్టా ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాలి. మూడు తలుపులూ మన ఇంట్లోకే తెరుచుకుంటాయి, అవతలి వాళ్ల ఇంట్లోకి ఒక్కటి కూడా కాదు.

ప్రైవేట్ అకౌంట్ ఫొటోలు ఉండేది ఆ కంపెనీ సర్వర్‌లో. ఆ మనిషి మన రిక్వెస్ట్ ఒప్పుకుంటేనే సర్వర్ ఆ ఫొటో ఇస్తుంది, మధ్యలో యాప్ పెట్టి బతిమాలితే ఇవ్వదు. వాట్సాప్ మెసేజ్‌కైతే 2016 నుంచి పంపినవాడి ఫోన్‌లోనే తాళం పడుతుంది, అందుకున్నవాడి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, దారిలో ఆ కంపెనీ కూడా చదవలేదు. అలాంటిది ఉత్త నంబర్ కొడితే వీడికి ఎక్కడి నుంచి వస్తుంది? పని చేసేవి ఒక రకం ఉన్నాయి, కాదనను. కానీ వాటికి అవతలి మనిషి ఫోన్ కొద్ది నిమిషాలైనా చేతికి చిక్కాలి. వాటి సంగతి కింద చెప్తాను, అసలు బాధ అక్కడే ఉంది.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో నేను చూసినవి చూసినట్టు రాస్తాను. వాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్లు, వివరాలు కొన్ని మార్చాను.

1. పాస్‌వర్డ్ కొట్టినవాడి సంగతి. నర్సంపేట వైపు పిల్లవాడు, డిగ్రీ రెండో సంవత్సరం. తనతో మాట్లాడ్డం మానేసిన క్లాస్‌మేట్ అకౌంట్ చూద్దామని తన ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చాడు. జీమెయిల్‌కూ అదే పాస్‌వర్డ్. గంటన్నరలో మెయిల్ మార్చేశారు, ఫోన్ నంబర్ మార్చేశారు, వాడి అకౌంట్ వాడికే తెరుచుకోలేదు. ఆ రాత్రి వాడి పేరుతో దోస్తులందరికీ "మామా, అమ్మ హాస్పిటల్ల ఉంది, అర్జెంట్ రెండు వేలు కొట్టు" అని మెసేజ్ పోయింది. నలుగురు పంపారు. వాళ్లమ్మ పొలంలో కలుపు తీస్తోంది ఆ టైముకు! ఆ ఎనిమిది వేలు వాడు కేటరింగ్‌లో వడ్డనకు పోయి తీర్చుకుంటున్నాడు, ఎందుకంటే నిజం చెప్తే అమ్మాయి సంగతి బయటికొస్తుంది. ఇది కొత్త ఎత్తు కూడా కాదు. 2015లో ఇన్‌స్టాఏజెంట్ అని, మీ ప్రొఫైల్ ఎవరు చూశారో చెప్తానంటూ ఒక యాప్ వచ్చింది, అది జనం పాస్‌వర్డ్‌లు దోస్తోందని బయటపడితే యాపిల్, గూగుల్ రెండూ తమ స్టోర్ల నుంచి పీకేశాయి. 2022 అక్టోబరులో ఫేస్‌బుక్ లాగిన్ వివరాలు దొంగిలించే యాప్‌లు 400కు పైగా పట్టుకున్నామని మెటా కంపెనీయే ప్రకటించింది. స్టోర్లో ఉన్నవాటి సంగతే ఇలా ఉంటే, టెలిగ్రామ్‌లో వచ్చే ఫైల్ మాట చెప్పనక్కర్లేదు.

2. ఫైల్ ఇన్‌స్టాల్ చేసినాయన. పరకాల పక్క రైతు, బిడ్డ హన్మకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఫోన్ చేస్తే ఎప్పుడూ బిజీ వస్తోందని టెన్షన్ పడి, ఎవరో పంపిన లింకులో "పిల్లల భద్రత" యాప్ వేసుకున్నాడు. గూగుల్ 2020లో ఇలాంటి గూఢచారి యాప్‌ల ప్రకటనలు వద్దని నిబంధన పెట్టింది కానీ, తల్లిదండ్రులు మైనర్ పిల్లల్ని కనిపెట్టుకునే యాప్‌లకు మినహాయింపు ఇచ్చింది, అందుకే ప్రతివాడూ ఇప్పుడు ఆ ముసుగే వేసుకుంటున్నాడు. ఆ యాప్ ఆయనతో ముందు ప్లే ప్రొటెక్ట్, అంటే దొంగ యాప్‌లను పట్టే గూగుల్ కాపలా, ఆపు చేయించింది, తర్వాత యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇప్పించింది. ఇది చూపు సరిగ్గా లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించడానికి పెట్టిన సౌకర్యం. దొంగ యాప్‌కు ఇస్తే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మన బదులు తనే బటన్లు నొక్కుతుంది. పైగా మెసేజ్ పర్మిషన్ కూడా ఇచ్చాడు కాబట్టి ఓటీపీ వచ్చింది వచ్చినట్టు వాళ్లకు పోయింది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన డబ్బులు, 38 వేలు, తెల్లారేసరికి లేవు. నా దగ్గరికి మూడో రోజు వచ్చాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఇంకో అకౌంట్‌కు పోకముందే ఆపే వీలుంటుంది కదా, ఎందుకు చేయలేదు అంటే, "బిడ్డ ఫోన్ దొంగసాటుగ సూస్తున్న అని చెప్పాల్నా సారూ?" అన్నాడు. మూడు రోజులు ఆ సిగ్గుతోనే పోయాయి.

3. 299 కట్టినవాళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంకో 999 అడుగుతారు, అదీ కడితే బ్లాక్ చేస్తారు. కాకపోతే ఈ మధ్య కొత్తది మొదలైంది: "నువ్వు ఫలానా అమ్మాయి అకౌంట్ హ్యాక్ చేయమని మాకు డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ ఉంది, ఐదు వేలు పంపకపోతే ఆమెకే పంపుతాం" అని. ఒక పిల్లవాడు ఆ మెసేజ్ చూపిస్తుంటే వాడి చేయి వణకడం చూశాను.

4. ఇప్పుడు ఆ పని చేసే రకం. ఇవి అవతలివాళ్ల ఫోన్ చేతికి తీసుకుని, వాళ్లకు తెలియకుండా వేసేవి. నా షాపుకు ఒకాయన వచ్చాడు, మర్యాదగానే ఉన్నాడు. "మా ఇంటామె ఫోన్ల ఒక యాప్ ఎయ్యాలె తమ్మీ, ఆమెకు కనబడొద్దు, ఐదొందలిస్త" అన్నాడు. నాకు రాదన్నాను. వచ్చు, కానీ రాదన్నాను. తప్పు అని చెప్పాల్సింది, గిరాకీ పోతుందని చెప్పలేదు. ఇరవై రోజులకు ఒక అక్క వచ్చింది, బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది, ఫోన్ ఊరికే వేడెక్కుతోంది, చూడమంది. ఫోన్ చేతికి తీసుకోగానే గుర్తుపట్టాను, ఆ రోజు ఆయన తెచ్చి చూపించిందే, మూల పగిలిన గులాబీ కవర్, లోపల భద్రకాళి అమ్మవారి చిన్న ఫొటో. పక్క షాపులో ఎవరో వేసిపెట్టారన్నమాట. యాక్సెసిబిలిటీలో చూస్తే "సిస్టమ్ సర్వీస్" అని పళ్లచక్రం బొమ్మతో ఒకటుంది, ఫోన్ కంపెనీ ఇచ్చిన వాటిలో అది లేదు. మైకు, లొకేషన్, నోటిఫికేషన్లు అన్నీ దాని చేతిలో ఉన్నాయి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే ఆమెకు తెలియని కంప్యూటర్ ఒకటి కలిపి ఉంది.

చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ఒక్క మాట: "ఇది తీసేస్తే ఆయనకు తెలుస్తదా?"

తెలుస్తుంది. అటు వివరాలు పోవడం ఆగిపోతుంది కదా, తెలిసిపోతుంది. ఆ మాటే చెప్పాను. "అట్లనే ఉండనియ్యి తమ్మీ" అంది. బిల్లు కాగితం వెనక మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ రాసి, ఈ ఫోన్ నుంచి మాత్రం చేయొద్దని చెప్పి ఇచ్చాను. కవర్‌లో పెట్టబోయి ఆగింది, మడిచి రవికెలో దోపుకుంది. మళ్లీ రాలేదు.

పైగా ఇలా లాగిన సమాచారం ఆ భర్త దగ్గరే ఉంటుందా అంటే అదీ లేదు. పోలండ్‌లో తయారైన లెట్‌మీస్పై అనే యాప్ 2023 జూన్‌లో హ్యాక్ అయి, జనం మెసేజ్‌లు, కాల్ వివరాలు, లొకేషన్లు దొంగల పాలయ్యాయి, రెండు నెలల్లో దుకాణం మూసేసింది. అమెరికాలో స్పైఫోన్ అనే కంపెనీని 2021లో అక్కడి ట్రేడ్ కమిషన్ ఈ వ్యాపారమే చేయకుండా నిషేధించింది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు, ఇక్కడ భర్తే డబ్బు కట్టి మరీ గుట్టు బయట పెడుతున్నాడు.

చట్టం లేక కాదు ఇదంతా. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లు ఉన్నాయి, అనుమతి లేకుండా ఇంకొకరి అకౌంట్లో, ఫోన్‌లో దురుద్దేశంతో దూరితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఇతరుల పాస్‌వర్డ్ వాడితే 66సీ. ఒక ఆడమనిషి ఇంటర్నెట్‌లో, ఫోన్‌లో ఏం చేస్తోందో కనిపెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం వెంటపడి వేధించడం కిందికి వస్తుంది, మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. మా ఆయనే కదా, మా ఇంటామే కదా అంటే చెల్లదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనమే చెప్పింది. ఇవన్నీ మీకు నేను చెప్పాలా సార్, మీకు తెలిసినవే. జనానికి తెలియవు, నాకూ మొన్నటిదాకా తెలియవు.

ఇక నేను అడిగేవి.

1. అధికారులకు. ఇలాంటివాడు కంప్లయింట్‌తో వస్తే ముందు డబ్బు ఆపండి, అకౌంట్ సంగతి చూడండి, బుద్ధి తర్వాత చెప్పండి. "నీకెందుకురా ఆ అమ్మాయి అకౌంట్?" అని హాల్లో పదిమంది ముందు అడిగితే, ఆ ప్రశ్న విన్న ఇంకో ఇద్దరు లేచి ఇంటికి పోతారు. నాకు తెలిసి స్టేషన్‌కు పోయిన ఆ ఒక్కడికీ జరిగింది అదే. తప్పు చేసినవాణ్ని వదిలేయమనడం లేదు, నిజంగా ఎవరి అకౌంట్లోనైనా దూరితే కేసు పెట్టండి. మోసగాడి సైటులో దూరబోయి మోసపోయినవాణ్ని మాత్రం మోసపోయినవాడిగా చూడండి. 1930 ప్రచారంలో ఒక్క వాక్యం కలపండి చాలు: "మీరు ఎందుకు ఆ లింకు నొక్కారో మేం అడగం." అది అబద్ధం కాకుండా చూసుకోండి మరి.

2. ఇదీ మీకే. పైసలు పోనివాడు ఇచ్చే సమాచారం కూడా తీసుకోండి. నా దగ్గర లింకులు ఉన్నాయి, టెలిగ్రామ్ చానెళ్ల పేర్లు ఉన్నాయి, డబ్బు పడే యూపీఐ ఐడీలు ఉన్నాయి, మొత్తం ఒక నోట్‌బుక్ నిండా. రిపేర్ షాపువాళ్లు వాట్సాప్‌లో ఇవి పంపడానికి ఒక నంబర్, చూసి జవాబిచ్చే ఒక మనిషి ఉంటే, మీకు ఖర్చు లేకుండా వంద కళ్లు దొరుకుతాయి. ఇంకొకటి, అకౌంట్ పోయినవాడికి దారి చెప్పే కాగితం ఒకటి తెలుగులో కౌంటర్ దగ్గర పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అనే పేజీ ఉందని, 2021 ఐటీ రూల్స్ ప్రకారం పెద్ద సోషల్ మీడియా కంపెనీలు ఇండియాలో గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలని, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో, పరిష్కారం గడువులోగా చెప్పాలని ఎంతమందికి తెలుసు? నర్సంపేట పిల్లవాడికి నేను చెప్పేదాకా తెలియదు, నాకు ఒక కస్టమర్ చెప్పేదాకా తెలియదు.

3. ప్రిన్సిపాళ్లకు. అవగాహన సదస్సు పెట్టి, శాలువా కప్పి, ఫొటో దిగితే లాభం లేదు. పైన చెప్పిన పరీక్షే క్లాసులో చేసి చూపించండి, లేని పేరు కొట్టి 47 ఫొటోలు రావడం పిల్లలు కళ్లారా చూస్తే నవ్వుతారు, ఆ నవ్వుతోనే సగం పని అయిపోతుంది. కాకపోతే సిమ్ లేని ఫోన్‌లోనే చేయండి, మీ సొంత ఫోన్‌లో కాదు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు మీటింగ్‌కు వచ్చినప్పుడు పరకాల రైతు కథ చెప్పండి. బిడ్డ మీద బెంగ ఉంటే వార్డెన్‌తో మాట్లాడే వీలు కల్పించండి, ఆయన అసలు అడిగింది అదే.

4. నా తోటి షాపులవాళ్లకు. అన్నా, మనం మనం మాట్లాడుకుందాం. "నేను కాకపోతే పక్కోడు ఏస్తడు" అనే మాట నేనూ అన్నవాణ్నే. ఐదొందల కోసం ఇంకొకరి ఫోన్‌లో కనబడని యాప్ వేస్తే, రేపు కేసైతే ఆ యాప్ ఏ షాపులో వేశారని అడుగుతారు, సాయం చేసినవాడికీ శిక్ష ఉంటుంది. ఫోన్ ఎవరిదో వాళ్లు ఎదురుగా ఉండి, వాళ్లే లాక్ తీస్తేనే యాప్‌ల జోలికి పోదాం. డిస్‌ప్లే మార్చడానికి ఎవరు తెచ్చినా సరే, అది వేరు. బ్యాటరీ ఊరికే అయిపోతోందని ఎవరైనా వస్తే కొత్త బ్యాటరీ అంటగట్టే ముందు ఒక్కసారి యాక్సెసిబిలిటీ లిస్టు తెరవండి. అనుమానం ఉన్నది కనబడితే గబుక్కున తీసేయకండి, ముందు ఆమెకు చెప్పండి, తీయాలా వద్దా ఆమె ఇష్టం. ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. 181 నంబర్, ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రం అడ్రస్ రాసి కౌంటర్ అద్దం కింద పెట్టుకోండి, నేను పెట్టాను.

5. బస్టాండులో, ఆర్టీసీ బస్సుల వెనక ఇంత పెద్ద ప్రకటనలు వేస్తారు కదా, అందులో ఒక మూల ఈ యాప్‌ల మోసం సంగతి కూడా వేస్తే బాగుండు. ఎవరిని అడగాలో నాకు తెలియదు, తెలిసినవాళ్లు అడగండి.

ఆ సిమ్ లేని పాత ఫోన్ ఇంకా నా కౌంటర్ కింద డ్రాయర్లోనే ఉంది, నోట్‌బుక్ దాని పక్కనే. ముద్ర పడ్డ దరఖాస్తు నకళ్లు రెండూ అందులోనే పెట్టాను. ఏ అధికారి వచ్చినా, ఏ ప్రిన్సిపాల్ వచ్చినా, పక్క షాపు అన్న వచ్చినా తీసి చూపిస్తాను, పది నిమిషాల పని. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉంటాను, ఆదివారమైతే ఒంటిగంట వరకే.

ఇట్లు,
హన్మకొండలో ఒక సెల్‌ఫోన్ రిపేర్ షాపువాడు